క్లబ్‌హౌస్‌లో పింక్ ఫ్లాయిడ్: పాంపేయి వేయాలా, పల్స్ వేయాలా?

నిజాంపేట_క్లబ్‌హౌస్
మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వచ్చే నెల ఒక శనివారం సాయంత్రం యాభై మందికి పింక్ ఫ్లాయిడ్ (బ్రిటిష్ రాక్ బ్యాండ్) కచేరీ సినిమా వేద్దామనుకుంటున్నాం. హాలు 30 అడుగుల పొడవు, 20 వెడల్పు, సీలింగ్ 10 అడుగులు. కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్కంతా అద్దాల తలుపులు. ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ ఉంది, బాక్సు మీద 3000 ల్యూమెన్లని రాసుంది. బ్లూరే ప్లేయర్ ఉంది. సౌండు అద్దెకు తెస్తాం. కమిటీలో సగం మంది పల్స్ అంటున్నారు, సగం మంది పాంపేయి అంటున్నారు. చూసేవాళ్లలో రిటైరైనవాళ్లూ ఉంటారు, కాలేజీ పిల్లలూ ఉంటారు. పెద్ద తెర మీద ఏది నిలుస్తుంది? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

నల్లకుంట_నెగెటివ్
పాంపేయి వేయండి, అదీ 2025లో వచ్చిన బ్లూరే. కారణం పాటల ఎంపిక కాదు, దాన్ని దేని మీద తీశారన్నది.

పాంపేయి 1971 అక్టోబరులో ఇటలీలోని ప్రాచీన పాంపేయి నగర శిథిలాల్లో మొదలుపెట్టి 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన సినిమా. పల్స్ 1994 అక్టోబరు 20న లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లో వీడియో టేపు మీద తీసింది. పల్స్ కంటే 23 ఏళ్లు పాతదైన పాంపేయే ఇవాళ పెద్ద తెర మీద ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది. ఫిల్మ్ నెగెటివ్ బాగుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని కొత్తగా 4కేలో స్కాన్ చేసుకోవచ్చు. టేపులో ఆ వెసులుబాటు లేదు. పాల్ వీడియో అంటే 576 గీతలు, అదీ సగం సగం చొప్పున సెకనుకు 50 సార్లు. రికార్డు చేసిన రోజు ఎన్ని గీతలుంటే ఎప్పటికీ అన్నే. ఎంత గొప్ప సాఫ్ట్‌వేరుతో పెంచినా లేని వివరం రాదు.

పాంపేయి అసలు నెగెటివ్ చాలా ఏళ్లు కనబడలేదు. బ్యాండ్ సొంత భాండారంలో, పేరు సరిగా రాయని ఐదు డబ్బాల్లో దొరికింది. దాన్నుంచే ఈ కొత్త ప్రింటు. 2003 డీవీడీలో దర్శకుడు ఏడ్రియన్ మేబెన్ గ్రహాలు, అగ్నిపర్వతాల కంప్యూటర్ గ్రాఫిక్స్ చేర్చారు. అవి ఇప్పుడు బాగా పాతబడ్డాయి. మీ దగ్గర ఆ డీవీడీ ఉంటే వేయకండి.

సైనిక్‌పురి_స్ట్రాట్
అన్నా, టేపు సంగతి ఒప్పుకుంటా. కానీ యాభై మందిలో నలభై మంది కొత్తవాళ్లైతే పాంపేయిలో మొదటి పావుగంటకే కుర్చీలు కదుల్తాయి. పల్స్‌లో డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వరసగా వాయిస్తారు. జనానికి తెలిసిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. మార్క్ బ్రిక్‌మన్ లైట్లు, గుండ్రటి తెర, లేజర్లు. కంఫర్టబ్లీ నమ్ పాట రెండో గిటారు సోలోలో హాలు మధ్యలోంచి అద్దాల గోళం పైకి లేస్తుంది, తర్వాత రేకుల్లా విచ్చుకుంటుంది. గిటారిస్టు గిల్మర్ సోలో ఆ వెలుగు తీరుకు తగ్గట్టే పెరుగుతూ పోతుంది. వయసు మీరిన బ్యాండ్ ఒక ఊరంత ప్రదర్శనను ఎలా నడుపుతుందో చూడాలంటే పల్స్‌ను మించింది లేదు. వేదిక మీద ముగ్గురు పాతవాళ్లు (గిల్మర్, మేసన్, రైట్), చుట్టూ గై ప్రాట్ బేస్, గ్యారీ వాలిస్ తాళవాద్యాలు, జాన్ కేరిన్ కీబోర్డులు, టిమ్ రెన్విక్ రెండో గిటారు, డిక్ ప్యారీ సాక్సఫోన్, ముగ్గురు గాయనులు. ఎవరు ఏ శబ్దం చేస్తున్నారో కనిపెట్టడమే ఒక ఆట.

నల్లకుంట_నెగెటివ్
పాటల విషయంలో మీ మాట నిజం. కానీ మీరు మెచ్చుకున్న లైట్లే టేపును దెబ్బతీస్తాయి. వీడియోలో వెలుతురుకు ఉన్నంత వివరం రంగుకు ఉండదు. అందుకే ఎర్ర లైటు పడ్డప్పుడల్లా గిల్మర్ మొహం అంచులు పక్కకు పాకినట్టు కనిపిస్తాయి. 40 అంగుళాల టీవీలో పట్టించుకోం. పదడుగుల తెర మీద కళ్లు లాగేస్తాయి. అందులోనూ 2006 డీవీడీ 4:3 చిత్రం. ఫంక్షన్లో ప్రొజెక్టర్ పెట్టేవాళ్లు దాన్ని తెర నిండా సాగదీస్తారు, మనుషులు పొట్టిగా లావుగా అయిపోతారు. పల్స్ వేసి తీరాలంటే 2019లో మళ్లీ ఎడిట్ చేసిన బ్లూరే తెచ్చుకోండి.

రెండిటికీ మధ్య దారి ఒకటుంది. వాళ్లదే ఇంకో కచేరీ సినిమా, డెలికేట్ సౌండ్ ఆఫ్ థండర్. 1988 ఆగస్టులో న్యూయార్క్ పక్కన నసావు కలీజియంలో 35 ఎంఎం మీద తీశారు. వందకు పైగా డబ్బాల అసలు నెగెటివ్ నుంచి 2019లో కొత్తగా కూర్చారు. పెద్ద లైట్లు, తెలిసిన పాటలు, ఫిల్మ్ స్పష్టత మూడూ ఒకచోట దొరుకుతాయి. పాతకాలపు ఎడిటింగులో పొగలో కలిసిపోయిన వేళ్లూ తీగలూ ఈ కొత్తదాంట్లో విడివిడిగా కనిపిస్తాయి.

తార్నాక_టేపు
పాంపేయి యాభై ఏళ్లు దాటినా ఎందుకు పాతబడలేదన్నది ఎవరూ చెప్పలేదు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా.

అందులో ప్రేక్షకులు లేరు. కచేరీ సినిమాల్లో కత్తిరింపులు సగం జనం మొహాల మీదికే పోతాయి. ఆ జుట్టు, ఆ బట్టలు, ఆ ఊగడం ఏ ఏడాదివో ఇట్టే తెలిసిపోతుంది. పాంపేయిలో ఆ ముద్ర లేదు. రెండు వేల ఏళ్ల నాటి రాతి మెట్లు, మిట్ట మధ్యాహ్నపు ఎండ, నలుగురు మనుషులు, వాళ్ల సామాను. ఎకోస్ పాట మొదట్లో కెమెరా పట్టాల మీద మెల్లగా దగ్గరికొస్తుంది, ఎక్కడా తొందర లేదు. పెట్టెల వెనక స్టెన్సిల్‌తో అచ్చేసిన బ్యాండ్ పేరు చదివేంత సమయం ఇస్తుంది. వెమ్ స్పీకర్లు, హైవాట్ యాంప్లిఫయర్లు, బిన్సన్ ఎకోరెక్ (ప్రతిధ్వని యంత్రం), ఫార్ఫీసా ఆర్గన్ అన్నీ ఎండలో పరిచి ఉన్నాయి. వాయిద్యాలు నేర్చుకునేవాళ్లకు ఇదొక పాఠ్యపుస్తకం.

ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు ఆడించడానికి వాళ్లు ఒప్పుకోలేదు. తమ పూర్తి సామాను తెప్పించుకుని అక్కడే వాయించారు. దానికి సరిపడా కరెంటు ఆ ప్రాంగణంలో లేదు. టౌన్ హాల్ నుంచి పొడవాటి కేబుల్ లాక్కొచ్చేలోగా షూటింగ్ రోజులు పోయాయి. అందుకే పాంపేయిలో నిజంగా తీసిన పాటలు మూడే: ఎకోస్, ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్, వన్ ఆఫ్ దీజ్ డేస్. మిగతావి అదే ఏడాది డిసెంబరులో పారిస్ స్టూడియోలో తీశారు. ఏది ఎక్కడిదో గుర్తుపట్టాలంటే రిక్ రైట్ గడ్డం చూడండి. పాంపేయిలో ఉంటుంది, పారిస్‌లో ఉండదు.

వన్ ఆఫ్ దీజ్ డేస్‌లో దాదాపు అంతా నిక్ మేసనే కనిపిస్తాడు. మిగతావాళ్ల రీళ్లు పోయాయి కాబట్టి ఉన్నదాంతో కూర్చారు. ఆ లోపమే పాటకు ప్రాణమైంది. మధ్యలో ఒక కర్ర చేతిలోంచి ఎగిరిపోతుంది. కాళ్లూ రెండో చెయ్యీ ఆగవు. ఇంకో కర్ర అందుకుంటాడు, తాళం ఎక్కడా తప్పదు. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఒక డ్రమ్మర్‌ను చూపించిన రాక్ సినిమాలు అరుదు.

సైనిక్‌పురి_స్ట్రాట్
బాగా చెప్పారు. గిటారు వైపు నుంచి ఒకటి కలుపుతా. ఎకోస్ నడిమధ్యలో వచ్చే పక్షి అరుపు లాంటి శబ్దం సింథసైజర్ కాదు. వా పెడల్‌కు (గిటారు శబ్దాన్ని కాలితో మార్చే పరికరం) తీగలు తిరగేసి కలిపితే పెడలే కూయడం మొదలుపెడుతుంది, గిటారు మీద వాల్యూమ్, టోన్ నాబులు తిప్పుతూ గిల్మర్ దాన్ని లొంగదీస్తాడు. పాత పెడళ్లతోనే సరిగ్గా వస్తుంది. ఇప్పటి పెడళ్లలో చాలావాటికి లోపల బఫర్ ఉంటుంది, తిరగేస్తే మౌనమే.

నా ఓటు మార్చుకుంటున్నా: ముందు పాంపేయి, విరామం, తర్వాత డెలికేట్ నుంచి నాలుగు పాటలు.

మౌలాలి_మిక్సర్
సినిమా ఏదైనా సరే భయ్యా, మీ హాల్ల అసలు సమస్య టైల్స్. చేతులు ఒకసారి గట్టిగ తట్టి చూడుండ్రి. టక్కుమని ఆగకుండ గరగరమని సాగుతుంటే పాట మొత్తం బురదైతది. ఎకోస్ మొదట్ల వచ్చే ఒక్క పియానో స్వరం ఉంది కద, అది లెస్లీ అనే తిరిగే స్పీకర్ గుండా పోయి వచ్చిన శబ్దం. దానికి సొంత ప్రతిధ్వని సరిపడ ఉంది. మీ గోడలు ఇంకోటి కలిపితే ఆ స్వరం రెండుగ చీలుతది.

టెంట్ హౌసోళ్ల దగ్గర జంపఖానాలు తెచ్చి నేలంత పరుచుండ్రి, ముఖ్యంగ స్పీకర్లకు మొదటి వరసకు మధ్యల. అద్దాల తలుపుల ముందట పెళ్లి పందిట్ల కట్టే మందం పరదాలు రెండు వరసలు, కుచ్చిళ్లు దగ్గరదగ్గరగ, అద్దానికి అర అడుగు ఎడంగ కట్టాలె. పల్చటి సాటిన్ పనికిరాదు. వెనక గోడకు పాత బొంతలు వేలాడదీసినా మంచిదే. మనుషులు కూడ సౌండ్ తాగుతరు, ఖాళీ హాల్ల చేసిన సెట్టింగ్ జనం నిండినంక కొంచెం మారుతది. ట్రెబుల్ ఒక డీబీ (డెసిబెల్), రెండు డీబీ పెంచాల్సి రావచ్చు.

ఇంకో మాట. అద్దె సౌండోళ్లకు గట్టిగ చెప్పుండ్రి: మిక్సర్ల ఎకో, రివర్బ్ బటన్లు బంద్. వాళ్లకు ఫంక్షన్ల అలవాటుతోని చెయ్యి దానంతట అదే పోతది. ఈక్వలైజర్ల రెండు చివర్లు లేపి నడుమ దించుతరు, గిటారు, గొంతు రెండూ నడుమనే ఉంటయి. అన్ని నాబులు సున్న మీద పెట్టి మొదలుపెట్టాలె. 12 అంగుళాల టాప్‌లు (మామూలు పెద్ద స్పీకర్లు) రెండు, సబ్‌లు (బేస్ మాత్రమే ఇచ్చే స్పీకర్లు) రెండు ఈ హాలుకు చాలు. డీజే బేస్ బిన్లు వద్దు.

నిజాంపేట_క్లబ్‌హౌస్
అంటే 5.1 (చుట్టూ స్పీకర్లు పెట్టే సరౌండ్ సౌండు) అక్కర్లేదా? డిస్క్ మీద 5.1, అట్మాస్ ఉన్నాయి కదా.

మౌలాలి_మిక్సర్
యాభై మందికి 5.1 పెడితే వెనక స్పీకర్ల పక్కన కూసున్నోనికి ఆర్గన్ తప్ప ఏం వినబడది. స్టీరియో ట్రాకే ఎంచుకోండ్రి. ప్లేయర్ మెనూల ఆడియో అవుట్‌పుట్ పీసీఎం, స్టీరియో అని పెట్టాలె. ఇది మర్చిపోయి 5.1 ట్రాక్ పెట్టి ఎడమ, కుడి రెండే తీగలు లాగితే మధ్య ఛానెల్ మాయమైతది. పాటగానికి గొంతు పోయినట్టుంటది, అందరు స్పీకర్ పాడైందనుకుంటరు. డైనమిక్ రేంజ్ లేదా నైట్ మోడ్ అని ఉంటే అదీ ఆపాలె.

ఉప్పల్_బేస్‌లైన్
మీ హాలు కొలతలు చూసి రాస్తున్నా, బేస్ విషయంలో ఇది చెడ్డ గది. 30, 20, 10 అంటే 3:2:1. శబ్దవేగం సెకనుకు 1130 అడుగులు తీసుకోండి. ఎత్తు 10 అడుగులకు మొదటి అనునాదం (గది తనంతట తానే మోగే స్వరం) 56.5 హెర్ట్జ్. వెడల్పు 20కి రెండోది 56.5. పొడవు 30కి మూడోది మళ్లీ 56.5. మూడూ ఒకేచోట పడ్డాయి. వన్ ఆఫ్ దీజ్ డేస్ బేస్ దాదాపు అంతా ఒకే స్వరం చుట్టూ తిరుగుతుంది, ఆ స్వరం 62 హెర్ట్జ్ దగ్గర. అంటే గది ఊగే చోటికి అతి సమీపంలో. సబ్ మూలలో పెడితే ఆ పాటంతా ఒకటే బుయ్ మంటుంది, వరసగా పడాల్సిన దెబ్బలు వినబడవు.

సబ్‌లు రెండూ తెరవైపు గోడకు ఆనించి, ఎడమ గోడ నుంచి ఒకటి 5 అడుగుల దగ్గర, రెండోది 15 అడుగుల దగ్గర పెట్టండి. ఆ చోట్ల వెడల్పు తాలూకు 56.5 రెచ్చిపోదు, 28 హెర్ట్జ్‌ది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఎత్తు, పొడవు తాలూకువి మిగులుతాయి. వాటికి ఈక్వలైజర్లో 56 దగ్గర సన్నగా 5 డీబీ దాకా కోయండి. గ్రాఫిక్ ఈక్వలైజరైతే 63 అని రాసిన నాబు 3 డీబీ దించితే చాలు, ఎక్కువ దించితే పాట ఎముకలు పోతాయి. సబ్‌కు, టాప్‌లకు మధ్య విభజన 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్యలో. నాలుగు తీగల బేస్ గిటారులో అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్, కాబట్టి సబ్ 40 దాకా దిగితే ఈ సినిమాకు సరిపోతుంది.

ప్యారడైజ్_ప్రొజెక్టర్
తెర 150 అంగుళాలు పెట్టుకోండి. 16:9లో 10.9 అడుగుల వెడల్పు, 6.1 ఎత్తు. కింద మూడడుగుల పావు వదిలితే పైన అర అడుగు మిగులుతుంది, ముందు తలలు అడ్డురావు. బాక్సు మీది 3000 ల్యూమెన్లు బ్రైట్ మోడ్‌లో లెక్క. అది పచ్చగా కొడుతుంది. సినిమా మోడ్‌లో సగమే వచ్చినా ఈ తెరకు సుమారు 22 ఫుట్-ల్యాంబర్ట్లు (తెర వెలుగు కొలత) పడుతుంది, థియేటర్ కొలత 14 నుంచి 16 కాబట్టి బోలెడు. కానీ హాలు పూర్తిగా చీకటి కావాలి. అద్దాలకు కట్టే పరదాలు ఇక్కడా పనికొస్తాయి, నల్లవి దొరికితే మరీ మంచిది. పాంపేయిలో ఎండలో తీసిన భాగాలు కొంచెం వెలుతురు తట్టుకుంటాయి. పల్స్, డెలికేట్ తట్టుకోవు.

ప్లేయర్‌లో 24 హెర్ట్జ్ అవుట్‌పుట్ ఆన్. ప్రొజెక్టర్లో మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆఫ్. షార్ప్‌నెస్ తగ్గించండి. ఫిల్మ్ మీద కదిలే సన్నటి రేణువులు దుమ్ము కాదు. నాయిస్ రిడక్షన్ వాటిని తుడిచేస్తే రాతిగోడల గరుకుతనం కూడా పోతుంది, మొహాలు మైనం పూసినట్టవుతాయి. యూట్యూబ్ నుంచి మాత్రం వేయకండి. వేదిక మీద పొగ, లేజర్లు వచ్చినప్పుడల్లా చిత్రం చతురస్రాలుగా విడిపోతుంది.

కోఠి_కేబుల్
తీగల సంగతి. ప్లేయర్ ముందు, ప్రొజెక్టర్ 16 అడుగుల వెనక అంటే గోడల వెంట లాగేసరికి 12, 15 మీటర్లవుతుంది. ఆ పొడవుకు మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి తెల్లచుక్కలు మెరిసి తెర నల్లబడుతుంది. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. గుజరాతీ గల్లీలో గానీ పార్క్‌లేన్ సీటీసీలో గానీ అడగండి. దానికి దిశ ఉంటుంది, సోర్స్ అన్న కొస ప్లేయర్‌కే పెట్టాలి. తిరగేస్తే బొమ్మ రాదు. మడత పెట్టి తొక్కితే లోపలి గాజుపోగు తెగుతుంది.

ప్లేయర్, మిక్సర్, యాంప్లిఫయర్, ప్రొజెక్టర్ అన్నీ ఒకే ఫేజు, ఒకే ఎర్తు ఉన్న పాయింటు నుంచి తీసుకోండి. వేర్వేరు గోడల నుంచి తీస్తే 50 హెర్ట్జ్ గుయ్ మనే శబ్దం వస్తుంది. పాంపేయిలో మౌనాలు ఎక్కువ, అక్కడ స్పష్టంగా దొరికిపోతుంది. ఆ శబ్దం పోవాలని ఎర్త్ పిన్ను తీసెయ్యకండి, ప్రాణాపాయం. ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెడితే పోతుంది. ప్రొజెక్టర్, ప్లేయర్ రెండిటినీ 1 కేవీఏ యూపీఎస్ మీద ఉంచండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే క్షణాల్లో ఫ్యాన్ ఆగితే ల్యాంపు వేడికి దెబ్బతింటుంది. యాంప్లిఫయర్లను యూపీఎస్‌కు కలపొద్దు, అది మోయలేదు.

తార్నాక_టేపు
డిస్క్ కొనేముందు వెనక అట్ట మీద రీజియన్ చూడండి. ఇండియా బ్లూరేకు సీ, డీవీడీకి 5. అన్ని రీజియన్లకూ అని ఉంటే నిశ్చింత. ఇంకోటి, ఇంట్లో చూసుకోవడానికి అమ్మిన డిస్క్‌ను యాభై మందికి వేయాలంటే హక్కుదారు నుంచి ప్రదర్శన అనుమతి తీసుకోవాలి. టికెట్టు పెట్టకపోయినా ఇది వర్తిస్తుంది. కమిటీ ఇప్పుడే రాయడం మొదలుపెడితేనే నెలలో తేలుతుంది.

సమయం కూడా చూసుకోండి. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. పాంపేయి దాదాపు గంటన్నర. ఆరున్నరకు మొదలుపెడితే ఎనిమిదికి అయిపోతుంది, పావుగంట విరామం, ఆపైన డెలికేట్ నుంచి నాలుగు పాటలు వేసినా తొమ్మిది దాటదు.

నిజాంపేట_క్లబ్‌హౌస్
పాంపేయి ఖాయం. పరదాలు, జంపఖానాలు టెంట్ హౌస్‌కు చెప్పేశాం. అనుమతికి ఈమెయిల్ పంపుతున్నాం. ఒక్కటే మిగిలింది: సౌండు ప్లేయర్ నుంచి నేరుగా మిక్సర్‌కు పోతుంది, బొమ్మ ప్రొజెక్టర్‌కు పోతుంది. రెండూ కలుస్తాయా?

మౌలాలి_మిక్సర్
కలవయి, కలపాలె. ప్రొజెక్టర్ బొమ్మను తయారుచేసే లోపల సౌండ్ ముందే పోతది. ముందుగాల ప్రొజెక్టర్ల గేమ్ మోడ్ లాంటిది ఉంటే పెట్టి ఆలస్యం తగ్గించుండ్రి, రంగులు చెడకుంటేనే. మిగిలింది మిక్సర్ల గానీ ప్లేయర్ల గానీ ఉండే ఆడియో డిలేతోని సరిచేయాలె. 24 ఫ్రేముల సినిమాల ఒక ఫ్రేము అంటే 42 మిల్లీసెకండ్లు. గాలిల శబ్దం ఒక అడుగు పోవడానికి ఒక మిల్లీసెకండుకు కొంచెం తక్కువ పడుతది, అంటే 25 అడుగుల దూరంల కూసున్నోనికి దానంతట అదే 22 ఆలస్యం. అందుకే వెనక వరసల కాదు, నడుమ వరసల కూసొని సరిచేయుండ్రి.

పరీక్షకు వన్ ఆఫ్ దీజ్ డేస్ పెట్టుండ్రి. మేసన్ కర్ర స్నేర్ మీద పడేది దగ్గరగ కనబడ్తది. దెబ్బ కనబడకముందే వినబడితే డిలే 20 చొప్పున పెంచుకుంట పోవాలె. కర్ర ఆగినంక దెబ్బ వినబడితే ఎక్కువైనట్టు, 10 వెనక్కి రావాలె. మూడు నాలుగు సార్లకు కుదురుతది. కుదిరిన అంకె కాయితం మీద రాసి మిక్సర్‌కు అతికించుండ్రి, కరెంటు పోయి వస్తే కొన్ని మిక్సర్లు సున్నకు పోతయి.